చిత్రచౌర్యము

పూర్వము పరుల సొత్తు నపహరింపదలచినవాడు గోడకు కన్నము వేయవలసియుండెను. నేడు బొమ్మల దొంగకు అంత శ్రమ లేదు. ఒక మీట నొక్కిన చాలును. కంప్యూటరు తెరమీదనో ఫోను తెరమీదనో కనబడు చిత్రమును ఉన్నదున్నట్లు పట్టి, పెయింటు, ఫోటోషాపు, గింపు మున్నగు ప్రోగ్రాములలో కత్తిరించి, రంగులు మార్చి, వేలకొలది ప్రతులుగ అచ్చొత్తించుట బడిపిల్లలకు సైతము తెలిసిన విద్య. ఆ విద్యను మేము నిందింపము. విద్యార్థికి పాఠమునందును, పత్రికకు వార్తయందును, రైతునకు తన భూమి లెక్కల నకలు దాచుకొనుటయందును అది యుపకరించుచునే యున్నది. కాని యదే విద్య నిర్మలు నకాషీల కుంచెకును, కరీంనగరము వెండితీగె పనివారి పట్టుకారునకును, ఆదిలాబాదు ఓజుల మైనపుతీగెకును ఎదురు నిలిచినప్పుడు కలుగు ఫలమును గూర్చి మన ప్రాంతపు పెద్దలు ఇంతవరకు తగినంత యాలోచింపలేదని చెప్పక తప్పదు.

ఇట్టి యనుభవము మన దేశమునకు కొత్తది కాదు. 1866 సంవత్సరమున ఫోర్బ్స్ వాట్సను అను స్కాట్లండు దేశీయుడు భారతదేశపు వస్త్రములనుండి 700 ముక్కలను ఏర్చి, 18 సంపుటములుగ అంటించి, అట్టివి 20 వరుసలు సిద్ధపరచెను. అందు 13 వరుసలు బ్రిటనులోని పట్టణములకు పంపబడెను. 7 మాత్రమే మన దేశమున నుంచబడెను. మన ప్రజలు కట్టెడు బట్టల యందచందములను అచటి మిల్లుల యజమానులు తెలిసికొని, అట్టి గుడ్డనే నేసి మనకు అమ్ముకొనుటకు దారి చూపుటయే ఆ గ్రంథముల యుద్దేశము. నాడు పరదేశీయునకు కత్తెరయు, జిగురును, ఓడయు కావలసివచ్చెను. నేడు పరదేశపు వర్తకునకే కాదు, మన నగరములలోని స్వదేశీ వర్తకునకు సైతము ఇవి యేవియు నక్కరలేదు.

ఇట్లు పోవునది ఎట్టి సొత్తో పాఠకులు గ్రహింపవలెను. నిర్మలులో పొనికి కర్రను చెక్కి, భాగములను అతికి, చింతగింజల జిగురును రంపపుపొట్టును కలిపిన లప్పమును పూసి, నునుపుచేసి, ఆరిన పిమ్మట రంగులు వేయుదురు. కరీంనగరములో వెండిని వెంట్రుకవంటి తీగెగా లాగి, మెలిపెట్టి, చదునుచేసి, చట్రములో పూవులుగను లతలుగను అమర్చి, టంకము వేసి, పాన్‌దానులను అత్తరుదానులను చేయుదురు. ఈ పనికి ఎలగందల పుట్టినిల్లని చెప్పుదురు. ఆదిలాబాదు ఓజులు మట్టిముద్దపై మైనపుతీగెలతో రూపమును దిద్ది, పైన మరల మట్టి పూసి కాల్చి, మైనము కరగిపోయిన చోట కరగించిన ఇత్తడిని పోయుదురు. వస్తువు బయటికి రావలెనన్న మూసను పగులగొట్టవలసినదే. అందుచేత ఒకదానివంటిది మరియొకటి యుండదు. తెరమీద పట్టిన బొమ్మకు పగిలెడి మూస లేదు. మొదటి ప్రతియు పదివేలవ ప్రతియు నొక్కటే. దానిని ప్లాస్టికు పళ్లెముపై నచ్చొత్తి యమ్మువానికి గురువునొద్ద గడపిన యేండ్లు లేవు, కర్రకు వెండికి పెట్టిన మదుపు లేదు. కనుక వాని ధరతో మన పనివాడు పోటీపడజాలడు. 2005లో గుర్తింపు పొందిన పోచంపల్లి నేతకు అచ్చుగుడ్డలు తెచ్చిపెట్టిన కష్టము మన కన్నులయెదుటనే యున్నది. చిటికి కట్టి నూలుకు రంగులద్ది నేసిన చీర యొక్క రూపమును గుడ్డపై అచ్చువేసి, అదియే పోచంపల్లి యని అమ్మువారు బయలుదేరిరి.

చట్టము లేదా యని యడుగవచ్చును. కలదు, కాని దాని హద్దులను తెలిసికొనవలయును. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టము 2003 నుండి అమలునందున్నది. దానిక్రింద కరీంనగరము వెండితీగె పనికిని, నిర్మలు బొమ్మలకును చిత్రములకును, 2018లో ఆదిలాబాదు డోక్రా పనికిని గుర్తింపు లభించెను. సంతోషమే. అయితే ఈ గుర్తింపు ప్రధానముగ కాపాడునది పేరును. నిర్మలు పేరు చెప్పక, నిర్మలు లతను మాత్రము అచ్చొత్తి యమ్ముకొనువానిని ఈ చట్టముతో పట్టుట కష్టము. ఇక 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి చిత్రకారుడు తన కల్పనతో గీసిన చిత్రముపై వానికి గీచిననాడే హక్కు కలుగును. నమోదు అవసరము లేదు. తాతముత్తాతల నాటి నమూనాకు మాత్రము ఈ హక్కు చెల్లదు. వస్తువులపై వేయుటకై కల్పించిన కొత్త నమూనా విషయమున మరియొక చిక్కు కలదు. నమోదు చేయదగిన నమూనాను నమోదు చేయింపక, యంత్రపద్ధతిచే 50కి మించిన వస్తువులపై వేయించినచో దానిపై కాపీరైటు పోవును. 2000 నాటి డిజైనుల చట్టముక్రింద నమోదు చేయించినచో 10 ఏండ్లును, పొడిగించుకొన్నచో మరి 5 ఏండ్లును రక్షణ దొరకును. కాని యా నమూనా యంతకు ముందు ప్రకటితమై యుండరాదు. అనగా, నమోదుకు ముందే తన కొత్త నమూనాను ఉత్సాహముతో తెరకెక్కించి లోకమునకు చూపిన పనివాడు, దొంగ రాకమునుపే తన తలుపు తానే తీసిపెట్టినవాడగును.

కళ యందరి సొత్తనియు, నకాషీ కుటుంబములు ఒకరి లతలను మరియొకరు గీయుచునే వచ్చిరనియు కొందరు వాదింతురు. నిజమే. కాని పొరుగింటి లతను గీసిన నకాషీ దానిని తన చేతితో నేర్చెను, తన శ్రమను కలిపెను, తన శిష్యునకు నేర్పెను. కళ ఒక యింటనుండి రెండిండ్లకు పెరిగెను. మీట నొక్కినవాడు కళకు కలిపినది శూన్యము, తీసికొనిపోయినది కొనుగోలుదారుని. ఈ రెంటిని ఒక త్రాసున తూచుట న్యాయము కాదు.

కర్తవ్యమేమి? మొదటిది, ప్రతి సహకార సంఘమును కొత్త నమూనాలకు తేదీలతో గూడిన పుస్తకమొకటి యుంచవలెను. నమోదు ముగియువరకు వానిని తెరకెక్కింపరాదు. రెండవది, తెరపై పెట్టు చిత్రములను చిన్నవిగ పెట్టవలెను. తెరమీది బొమ్మ చుక్కల కూర్పు. 3,000 చుక్కల వెడల్పు గల బొమ్మను అంగుళమునకు 300 చుక్కల వంతున నచ్చొత్తినచో 10 అంగుళములు వచ్చును. 800 చుక్కల బొమ్మ మూడంగుళములకైనను చాలదు. గీతలను పోల్చి తిరుగగీసి యెంతకైనను పెంచగల ప్రోగ్రాములు కలవు గనుక, ఇది కంచె యేగాని కోట కాదు. అయినను కంచెలేని చేనికన్న కంచెయున్న చేను మేలు గదా! మూడవది, దొంగ యాయుధమునే దొంగపై తిప్పవలెను. ఆన్‌లైను అంగడిలో నకిలీ సరకు కనబడినతోడనే దాని చిత్రమును, అంగడి చిరునామాతోను తేదీతోను గూడ, తెరమీదనుండి పట్టి దాచవలెను. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము యొక్క 63వ సెక్షను కోరు ధ్రువపత్రమును జతపరచినచో నట్టి చిత్రము న్యాయస్థానమునందు సాక్ష్యముగ నిలువగలదు.

ఈ పనులు ఇంగ్లీషు దరఖాస్తులు తెలియని పనివారివలన మాత్రమే కాజాలవు. జిల్లా పరిశ్రమల కార్యాలయములు, మన పట్టణములలోని న్యాయవాదులు, కంప్యూటరు విద్య నేర్చిన యువకులు వారికి తోడు నిలువవలయును. ఇక వివాహములకు కానుకలు, సభలకు జ్ఞాపికలు కొనెడు సంపన్న గృహస్థులకు మా మనవి యొక్కటే: వస్తువు నెవరు చేసిరని యడిగి కొనుడు. చేసినవాని పేరు చెప్పజాలని యంగడివాడు మీకు అమ్మజూపునది బొమ్మ కాదు, దాని నీడ. నీడకు వెల యిచ్చినంతకాలము చెట్టు ఎండుచునే యుండును.