ఖట్కర్ కలాన్ ఇంటికి దండలు సరే, భూమి మాటేమిటి?

పంజాబ్‌లో బంగా అనే చిన్న పట్నం పక్కన ఖట్కర్ కలాన్ ఊరుంది. అక్కడ భగత్‌సింగ్ పూర్వీకుల ఇంటిని ప్రభుత్వం కాపాడుతోంది. మార్చి 23 వచ్చిందంటే నాయకులు దండలతో దిగుతారు. 2022 మార్చి 16న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారమూ ఆ ఊళ్లోనే జరిగింది. అందుకోసం పచ్చి గోధుమ చేలు కోయించారు. పరిహారం ఇచ్చారు లెండి!

భగత్‌సింగ్ పుట్టింది మాత్రం ఆ ఇంట్లో కాదు. 1907లో లాయల్‌పూర్ జిల్లాలో, చీనాబ్ కాలువ కింది ఊళ్లో పుట్టాడు. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. ఆ బీళ్లకు రైతుల్ని తరలించింది తెల్లదొరలే. పొదలు కొట్టి, నేల దున్ని, ఊళ్లు నిలబెట్టింది రైతులు. తీరా పంట చేతికొచ్చాక దొరలు కొత్త చట్టానికి పూనుకున్నారు. పెద్దకొడుకు లేకుండా రైతు చస్తే ఆ భూమి సర్కారుదేనట! మరోపక్క బారీ దోఆబ్ కాలువ కింద నీటితీరువా పెంచారు.

భగత్‌సింగ్ చిన్నాన్న అజిత్‌సింగ్ రైతుల్ని కదిలించాడు. అదే ‘పగ్డీ సంభాల్ జట్టా’ ఉద్యమం. తలపాగా జారనివ్వకు రైతన్నా అని దానర్థం. 1907లో ఆయన్ని మాండలే పంపారు. ఆ ఏడు మే నెలలోనే వైస్రాయి ఆ బిల్లును తోసిపుచ్చక తప్పలేదు. 1909లో దేశం విడిచిన అజిత్‌సింగ్ తిరిగి వచ్చింది 1947లో. అన్నేళ్లూ ఆయన భార్య హర్నామ్ కౌర్ ఎదురుచూస్తూనే ఉంది. ఆ ఇంటి ఆడవాళ్ల త్యాగం గురించి ఏ మంత్రీ మాట్లాడగా మనం వినలేదు. 2021 ఫిబ్రవరి 23న, అజిత్‌సింగ్ పుట్టినరోజున, ఢిల్లీ సరిహద్దుల్లో బైఠాయించిన రైతులు మళ్లీ ఆ తలపాగా దినం జరిపారు. ఆ నవంబరులో మూడు చట్టాలూ రద్దయ్యాయి.

ఇంతవరకూ రైతు మాట. మరి కూలీ మాటో? 1900 నాటి పంజాబ్ భూమి చట్టం ‘వ్యవసాయ జాతుల’ జాబితా కట్టింది. అందులో దళితులు లేరు. నాగలి పట్టేది వాళ్లే, భూమి కొనే హక్కు మాత్రం వాళ్లకు లేదు! 1928లో ‘కిర్తీ’ పత్రికలో అంటరానితనం మీద భగత్‌సింగ్ రాసింది ఊరికే కాదు.

ఈనాడు పంచాయతీ సాగుభూమిలో మూడోవంతు దళితులకు కౌలుకివ్వాలని పంజాబ్‌లో చట్టముంది. కానీ భూస్వామి తన జీతగాడి పేరున పాట పాడించి తానే దున్నుకుంటున్నాడు. మన ఊళ్లలో బినామీ పట్టాలు చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. సంగ్రూర్ జిల్లాలో 2014 నుంచి జమీన్ ప్రాప్తి సంఘర్ష్ కమిటీ ఈ దొంగపాటల మీదే పోరాడుతోంది. లాఠీలూ, కేసులూ మామూలే. వచ్చే మార్చి 23న ఆ ఇంటి ముందు ఫోటోలు దిగే మంత్రులు, ఏ ఊళ్లో ఆ మూడోవంతు ఎవరు దున్నుతున్నారో లెక్క చెప్పాలి.