లారీ ఎప్పుడొచ్చింది?

స్టాకు సాఫ్ట్‌వేర్ రాసేటప్పుడు మనమంతా చేసే పని ఒకటుంది. టేబుల్లో తేదీకి ఒక కాలమ్ పెట్టి, డిఫాల్టుగా సర్వర్ టైము ఇచ్చేస్తాం. యూజర్‌కి ఒక పని తగ్గించామని సంతోషిస్తాం. నేనూ అలాగే సంతోషించాను. ఆ సంతోషం ఒక పెద్దాయన ఉద్యోగం మీదికి ఎలా తెచ్చిందో చెబుతాను.

అప్పట్లో నాది మొదటి ప్రాజెక్టు. క్లయింటుకి హైదరాబాదు శివార్లలో పెద్ద సిమెంటు గోదాము ఉంది. మార్చి 31 రాత్రి పదింటికి బస్తాలన్నీ లెక్కపెట్టి, కాగితం మీద రాసి సంతకాలు చేశారు. తర్వాత సిస్టంలో అదే తేదీకి నిల్వ తీస్తే 240 బస్తాలు ఎక్కువ చూపించింది. అంటే గోదాములో 240 తక్కువ. తక్కువంటే ఎవరో తిన్నట్టే కదా లెక్క! స్టోర్ కీపర్‌ని సంజాయిషీ అడిగారు. "సిస్టంలో తప్పేమీ లేదు" అని మా వైపు నుంచి మెయిల్ కొట్టింది నేనే.

ఆయన నాతో అన్నది ఒకటే మాట. "సార్, ఆ లోడు ఒకటో తారీఖు రాత్రి రెండుగంటలకు వచ్చింది. నేనే దగ్గరుండి దింపిచ్చిన. మీ కంప్యూటరేమో ముందురోజే వచ్చిందంటది. రాని బస్తాలు నేనెట్ల లెక్కపెట్టాలె?"

విషయం తేలడానికి మూడు రోజులు పట్టింది. సర్వర్ గడియారం యూటీసీలో ఉంది. మన టైము దానికంటే అయిదున్నర గంటలు ముందు. కాబట్టి అర్ధరాత్రి నుంచి పొద్దున అయిదున్నర లోపు ఏ ఎంట్రీ కొట్టినా దాని మీద నిన్నటి తేదీ పడుతుంది. ఏప్రిల్ 1 రాత్రి రెండింటికి దిగిన లారీ సిస్టం దృష్టిలో మార్చి 31 రాత్రి ఎనిమిదిన్నరకే దిగింది. అదీ పోయిన ఆర్థిక సంవత్సరంలో! చివరికి ఆయన్ని కాపాడింది మా లాగ్ ఫైల్ కాదు, గేటు దగ్గర వాచ్‌మన్ రాసుకున్న చిరిగిన రిజిస్టరు.

అయిదున్నర గంటలు కలిపేసి బగ్ మూసేశాం. కథ అక్కడితో అయిపోలేదు. ఇకమీదట తేదీల గొడవ వద్దని మేనేజర్లు పాత తేదీతో ఎంట్రీ కుదరకుండా లాక్ పెట్టించారు. నెల తిరగ్గానే మైనస్ స్టాకు మొదలైంది. కరెంటు పోయి ఎంట్రీ ఆలస్యమైతే, నిన్న వచ్చిన సరుకుని ఈరోజు వచ్చినట్టు కొడుతున్నారు. అందులోంచి నిన్ననే అమ్మేసిన బస్తాలు, రాకముందే బయటికి వెళ్ళినట్టు కనబడుతున్నాయి. ఇంతకుముందు కంప్యూటరు పొరపాటున అబద్ధం చెప్పేది. ఇప్పుడు మనుషుల చేత చెప్పిస్తోంది. మొదటిదానికంటే ఇదే ఘోరం అనిపించింది నాకు.

నా అభిప్రాయం ఇది. "సరుకు ఎప్పుడు కదిలింది?", "ఆ సంగతి ఎప్పుడు రాశారు?" ఇవి రెండు వేరే ప్రశ్నలు. ఒకే కాలమ్‌లో రెండిటికీ జవాబు ఇరికిస్తే ఏదో ఒకటి అబద్ధమవుతుంది. మొదటిది మనిషి చెప్పాలి, ఆలస్యమైతే కారణం రాసి పాత తేదీ వేసుకోనివ్వాలి. రెండోది సిస్టమే రాసుకోవాలి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. తప్పు పడితే పాత ఎంట్రీని దిద్దకుండా, దానికి రివర్స్ ఎంట్రీ వేసి కొత్తది రాయాలి.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. ఎస్ఏపీలో సరుకు ఎంట్రీకి డాక్యుమెంట్ డేట్, పోస్టింగ్ డేట్, ఎంట్రీ డేట్ అని మూడు తేదీలుంటాయి. ఎస్‌క్యూఎల్ 2011 ప్రమాణంలో ఈ రెండు రకాల కాలాలకీ చోటిచ్చారు. అంతకంటే ముందు మన కొట్లలో చిట్టా పుస్తకం ఉండేది. అందులో వరసగా రాసుకుంటూ పోవాలి, మధ్యలో కొత్త గీత ఇరికించడం కుదరదు. పదో తారీఖు పద్దుల కింద ఎనిమిదో తారీఖు పద్దు కనిపిస్తే, అది ఆలస్యంగా రాసిందని పుస్తకమే చెప్పేది. మనం దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, తేదీ వారీగా సార్ట్ చేసి, ఆ సాక్ష్యాన్ని చెరిపేశాం :)

"రెండ్రోజులు అటూ ఇటూ అయితే ఏమవుతుంది, మొత్తం సరిపోయిందిగా?" అనేవాళ్ళకి చిన్న లెక్క. ఒకటో తారీఖున 300 రూపాయల చొప్పున 100 బస్తాలు, అయిదున 330 చొప్పున ఇంకో 100 వచ్చాయి. ఆరున 100 అమ్మారు. ముందొచ్చింది ముందు పోయే పద్ధతిలో వాటి ఖర్చు 30,000. మొదటి లోడుని పొరపాటున ఏడో తారీఖున ఎక్కిస్తే అదే ఖర్చు 33,000. ఒక్క బస్తా తేడా లేదు, లాభంలో మాత్రం 3,000 తేడా.

2023 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునీ తేదీతో సహా నమోదు చేయాలి, ఆ నమోదుని ఆపే వీలు ఉండకూడదు. మంచిదే. కానీ ఆ నిబంధన ఎప్పుడు రాశారో, ఎప్పుడు మార్చారో చెబుతుంది. లారీ ఎప్పుడొచ్చిందో చెప్పదు. అది అడగాల్సింది మన స్క్రీనే.

అడగడం కూడా సరిగ్గా అడగాలి. "తేదీ" అని ఊరికే పెడితే ఎంటర్ కొట్టుకుంటూ పోతారు. "సరుకు ఎప్పుడు దిగింది?" అని పెట్టి చూడండి. కొట్టేవాడు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. ఒక ఫీల్డు పెరిగిందని యూజర్లు విసుక్కుంటారు, నిజమే. 240 బస్తాల దొంగతనం మోయడం కంటే ఆ విసుగు నయం.

ఆయనకి సారీ చెప్పాను. "పర్వాలేదు సార్" అన్నారు. కానీ ఆ మూడు రోజులూ తోటివాళ్ళు ఆయన్ని ఎలా చూసి ఉంటారో... దాన్ని రివర్స్ చేసే ఎంట్రీ నా దగ్గర లేదు.