గజాల లెక్కలో ఊరు

హనుమాన్ జంక్షన్ దాటి నూజివీడు వైపు వెళ్తున్నకొద్దీ మాగాణి వెనకబడుతుంది, మెట్ట మొదలవుతుంది, మెట్టలో మామిడి. చిన్నరసాలకూ పెద్దరసాలకూ పేరుపడిన నేల ఇది. ఇప్పుడు తోటకూ తోటకూ మధ్య తెల్లరంగు పూసిన హద్దురాళ్లు కనిపిస్తున్నాయి. రోడ్లు వేశారు, స్తంభాలు పాతారు, మనుషులు మాత్రం లేరు. ఎకరాల్లో చెప్పుకున్న ధరను గజాల్లో చెబుతున్నారు. ఎకరమంటే 4,840 గజాలు. ఆ గుణకారం ముందు మామిడి కాపు ఏపాటిది? అంటు నాటిన నాలుగైదేళ్లకు గానీ కాయ చూడని పంట అది. తేనెమంచు పురుగు పట్టిందంటే పూతంతా మాడిపోతుంది.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కొత్త రాజధాని నూజివీడు చుట్టుపక్కలే వస్తుందన్న మాట పుట్టింది. పొలాల కోసం కార్లు బారులు తీరాయి. రాజధాని తుళ్లూరు వైపు అమరావతిగా ఖరారయ్యాక ఆ కార్లు మళ్లీ రాలేదు. అడ్వాన్సు ఇచ్చినవాళ్లూ, ఆ డబ్బు నమ్ముకుని వేరే చోట బేరం కుదుర్చుకున్న రైతులూ ఇరుక్కున్నారు. 2019 చివర మూడు రాజధానుల మాట, 2024లో మళ్లీ అమరావతి. ఇన్ని మలుపుల్లోనూ భూమి ధరను కదిలించింది వడ్లబస్తా ధర కాదు, మామిడి టన్ను ధర కాదు. ఈ ఊళ్లలో ఉండబోనివాళ్ల అంచనా ఒక్కటే.

కొన్నవాళ్లను తప్పుబట్టలేం. హైదరాబాదులోనో అమెరికాలోనో కష్టపడి సంపాదించింది పుట్టిన ఊరి పక్కన పెట్టుకోవాలనుకోవడం ప్రేమే. కానీ ఆ ప్రేమ ధరను ఎంత పైకి తీసుకుపోయిందంటే, ఆ మట్టిలోనే రెక్కలు ముక్కలు చేసుకునే కుటుంబం కొడుకు పెళ్లికి ముందు మూడు సెంట్ల స్థలం కొనుక్కోలేదు. ఇక్కడికి దగ్గర్లోని మల్లవల్లి పారిశ్రామికవాడలో బస్సుల కర్మాగారం 2025లో మొదలైంది. పనులు రావడం మంచిదే. పనికి వచ్చినవాళ్లకు అద్దె గది కావాలి. పక్క వీధిలో పెద్దవాళ్లు పోయాక తాళం పడిన మేడ ఉంటుంది. ఏడాదికోసారి దుమ్ము దులపడానికి తప్ప ఆ తాళం తీయరు.

బ్రిటన్‌లోని వేల్స్ పల్లెలదీ ఇదే బాధ. సముద్రతీరపు అందానికి ముచ్చటపడి బయటివాళ్లు సెలవుల ఇళ్లు కొంటూ పోతే స్థానిక యువతకు ఇల్లు అందలేదు. వాళ్లు వలసపోతే వెల్ష్ భాష మాట్లాడే ఊళ్లే పలచబడతాయని అక్కడివారు దిగులుపడ్డారు. ఇలాంటి రెండో ఇళ్ల మీద మామూలు పన్నుకు అదనంగా 300 శాతం దాకా వేసుకునే అధికారాన్ని 2023 నుంచి అక్కడి స్థానిక సంస్థలకు ఇచ్చారు. మన పట్టణాల్లో ఖాళీ స్థలాల పన్ను ఎప్పటినుంచో ఉంది. హైవే పక్కన ఏళ్లతరబడి ముళ్లకంపలు పెరుగుతున్న లేఅవుట్లకు, ఆ ఊరు పంచాయతీ అన్న ఒక్క కారణంతో మినహాయింపు ఎందుకు? ఆ పన్నుతో ఊళ్లోనే ఉండే పేదకు అందుబాటులో ఇంటిస్థలం చూపించవచ్చు.

అంతకంటే ముందు చేయగలిగింది ఇంకొకటుంది. యజమాని దూరాన ఉంటే పొలం దున్నేది కౌలురైతే. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం పెడితేనే అతనికి సాగుదారు హక్కుల కార్డు. కార్డు ఉంటేనే పంట రుణం, నష్టపరిహారం అడిగే వీలు. గజం ధర పెరిగినకొద్దీ యజమానికి భయం పెరుగుతోంది, సంతకం దొరకడం లేదు. భూమి మీద యజమాని హక్కుకు వచ్చే ముప్పేమీ లేదని చట్టమే చెబుతున్నా వినేవారు తక్కువ. కాబట్టి ఆ సంతకం షరతునే తీసేయాలి. పొలంలో ఎవరున్నారో గ్రామసభ చెప్పగలదు. ఆ ధ్రువీకరణతో వచ్చే ఖరీఫ్‌కైనా కౌలురైతు చేతికి కార్డు ఇవ్వాలి.