వాద్యం వచ్చింది, ఆట రాలేదు

పాశ్చాత్య సంగీతం మనకు ఏమిచ్చిందని అడిగితే చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు: ఫిడేలు. ఆ జవాబు సగమే సరైనదని నా అభిప్రాయం. వాద్యాన్ని తెచ్చుకున్నాం గాని, అది తన పుట్టింట ఏమి వాయించేదో మనం అంతగా పట్టించుకోలేదు.

ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసులో ఒక ఐరోపా వాద్యకారుని వద్ద ఫిడేలు నేర్చి, దానిని కర్ణాటక సంగీతానికి అలవరచారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలసినప్పుడు అక్కడ ఆచార్యులుగా చేరిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతిలో అది పక్కవాద్యపు హద్దు దాటి, ఒంటరిగా కచేరీ నడపగల స్థాయికి ఎదిగింది. ఇదంతా గర్వించదగినదే. కాని ఒంటరిగా మోగినా మన ఫిడేలు ప్రధానంగా వాయించేది పాటనే. కృతిలోని మాట వినబడకపోయినా కమాను ఆ మాట వెంటే నడుస్తుంది.

ఐరోపాలో వాద్యసంగీతం పట్టిన దారుల్లో ఒకటి ఇందుకు భిన్నమైనది. అది పాటను వదిలి ఆటను పట్టుకుంది. ‘సూట్’ అనే ప్రక్రియ అంటే నాట్యాల వరుసే. అలెమాండ్‌ది నాలుగు మాత్రల నిదానపు నడక. కూరాంట్‌ది మూడు మాత్రల పరుగు. సారబాండ్ మూడింటిలో రెండవ మాత్రపై బరువు మోపి విలంబంగా సాగుతుంది. జిగ్ గెంతులు వేస్తుంది. బాఖ్ ఒంటి ఫిడేలుకు రాసిన కృతుల స్వహస్తప్రతి 1720 నాటిది. అందులోని రెండవ పార్టీటాలో ఈ నాలుగూ వరుసగా వచ్చి, చివర షకోన్ అనే మరొక నాట్యం దాదాపు పావుగంట సాగుతుంది. వాటికి ఎవరూ అడుగు వేయనక్కరలేదు, కూర్చుని వింటారు. అయినా అడుగు వినబడుతూనే ఉంటుంది.

వీటిలో సారబాండ్‌ను స్పెయిన్‌లో అసభ్యమని 1583లో నిషేధించారు. బాఖ్ చేతికి వచ్చేసరికి అదే మహాగంభీరమైన సంగీతమైంది. వీధిలో ఛీకొట్టబడిన ఆటను వాద్యం కాపాడిందన్నమాట.

నేనుండే అహోబిలానికి ఈ చర్చతో సంబంధం లేకపోలేదు. అన్నమాచార్యులు (1408–1503) ఇక్కడి ఆదివన్ శఠగోపయతి వద్ద వేదాంతం అభ్యసించారని సంప్రదాయం. అంతటి పండితుడే ఏలలు, సువ్విపాటలు, గొబ్బిపాటలు, జాజరలు రచించారు. రోకటిపోటు, గొబ్బి చుట్టూ తిరిగే ఆడపిల్లల అడుగు, వసంతకాలపు ఆట ఆయన సంకీర్తనలో చోటు చేసుకున్నాయి. అంటే పల్లె ఆటను ఉన్నత కళలోకి పిలవడం మనకు పరాయి విద్య కాదు. అయితే మన వద్ద ఆట సాహిత్యం దగ్గర ఆగింది, వాద్యం దాకా వెళ్లలేదు.

జతిస్వరం లేదా, తిల్లానా లేదా, ఆలయాల్లో నాదస్వరంపై మోగే మల్లారి లేదా అని విజ్ఞులు అడుగవచ్చు. ఉన్నాయి. కాని అవి సభకో, గుడికో చెందిన నడకలు. పల్లెవాని నడకలు వేరు. ఈ సీమలో తిరునాళ్లకు కోలాటం, చెక్కభజన నేటికీ ఆడుతున్నారు. కోలాటంలో కోపు మారినప్పుడు కోలల దెబ్బ ఎలా మారుతుందో, నిదానంగా మొదలైన వలయం ఎలా ఉరవడి అందుకుంటుందో వినండి. విలంబం నుంచి ద్రుతానికి సాగే సూట్ మన ఊరి నడుమనే ఉంది. దానిని వాద్యానికి కూర్చేవారు కావాలి.

ఆటను ఆడేవారి నుంచి వేరు చేస్తే అది చచ్చిపోదా అన్నది ఇంతకంటె బలమైన ఆక్షేపణ. ఆ భయం నిజమే. సారబాండ్ ఆడిన వీధులు నేడు లేవు, స్వరం మాత్రం మిగిలింది. అందుకే ఆట బతికి ఉండగానే ఈ పని జరగాలంటాను. హంగరీ స్వరకర్త బార్టోక్ పల్లెలు తిరిగి అక్కడి ఫిడేలు వాద్యకారుల బాణీలు సేకరించి, 1915లో ఆరు రుమేనియా జానపద నాట్యాలను పియానోకు కూర్చాడు. వాటిలో మొదటిది కర్రతో ఆడే ఆట! ఆయన వాటిని ఊహించి రాయలేదు, ముందు వెళ్లి విన్నాడు.

మన సంగీత కళాశాలల విద్యార్థులకు నా మనవి ఇంతే. కృతులు నేర్వండి, తప్పదు. కాని ఏడాదికొక్క మారు ఫిడేలు పట్టుకుని ఒక కోలాటం గురువు ముందు కూర్చోండి. ఆయన కోపులను మాట లేకుండా వాయించి ఆయనకే వినిపించండి. అడుగు వినబడిందో లేదో చెప్పవలసినవాడు ఆయనే. బాగుందని ఆయన తల ఊపిన నాడు, రెండు శతాబ్దాల కిందట మద్రాసులో దిగిన ఆ వాద్యం రాయలసీమ దాకా వచ్చినట్టు.