రూపము మారినను విలువ మారరాదు

ఒక ప్రోగ్రాము తన సమాచారమును వేఱొక యంత్రమునకు పంపదలచినచో, మెమొరీలోనున్న వస్తువును ఉన్నదున్నట్లు పంపజాలదు. దానిని ముందుగా వరుస యక్షరములుగా వ్రాయవలెను. అందుకొన్న ప్రోగ్రాము వానిని చదివి మరల వస్తువును నిర్మించుకొనవలెను. ఇందుకై నేడు విరివిగా వాడబడు పద్ధతులలో జేసన్ యొకటి. డగ్లస్ క్రాక్‌ఫర్డు దీనిని వ్యాప్తిలోనికి దెచ్చెను. 2013వ సంవత్సరమున నిది ఎక్మా-404 అను ప్రమాణముగా ప్రకటింపబడెను. పైథాన్ భాషయందు 2008లో వెలువడిన 2.6వ రూపమునుండి దీనికి వలయు సాధనములు భాషతోడనే లభించుచున్నవి.

డంప్స్ అనిన వ్రాయును. లోడ్స్ అనిన చదువును. ఈ రెండు మాటలు నేర్చినంతనే పని ముగిసినదని విద్యార్థులు తలచుట సహజము. అది చాలదని నా యభిప్రాయము. ఏలయన, జేసన్ ఎఱిగిన జాతులు ఆఱు మాత్రమే: అక్షరపంక్తి, సంఖ్య, అవును-కాదు, శూన్యము, వరుసపట్టిక, పేరు-విలువల జతల సముదాయము. పైథాన్ జాతులు ఇంతకంటె నెక్కువ. అందుచేత ట్యూపుల్‌గా పోయినది లిస్టుగా తిరిగివచ్చును. డిక్షనరీయందు కీగా నున్న 7 అను సంఖ్య, తిరిగివచ్చునప్పటికి అక్షరపంక్తి యగును. పుట్టినతేదీని తేదీవస్తువుగానే యిచ్చినచో, పైథాన్ దానిని వ్రాయజాలనని తెలుపును. ఈ నిరాకరణమే మేలు. చెప్పక మార్చుటయే కీడు.

ఇది చిన్న విషయము కాదు. 004571 అను రిజిస్టరు నంబరును సంఖ్యగా మార్చినచో ముందరి సున్నలు పోవును. 9007199254740993 అను సంఖ్యను జావాస్క్రిప్టు మామూలుగా చదివినచో, చివరి 3 కాస్త 2 యగును. ఒక్క యంకె తప్పినను ఒకరి మార్కులు వేఱొకరి పేర జేరవచ్చును. కావున కూడికకుగాని తీసివేతకుగాని యక్కఱలేని నంబరును అక్షరపంక్తిగానే వ్రాయుట యుచితము.

పైథాన్ వారి పికిల్ అను పద్ధతి యున్నదిగదా, అది జాతులను చాలవఱకు కాపాడునుగదా యని కొందఱందురు. నిజమే. కాని యది పైథానునకే పరిమితము. పైగా దుష్టుడు కల్పించి పంపిన పికిల్‌ను చదివినంతమాత్రముననే వాని యాజ్ఞలు మన యంత్రమున నడువగలవు. జేసన్ యొక్క బీదతనమే దానికి రక్షణము.

తెలుగు పేరును పైథాన్ జేసన్‌గా వ్రాయునపుడు, వేఱుగా కోరనిచో, ప్రతి యక్షరమునకును ప్రతి గుణింతపు గుర్తునకును ఆఱు చిహ్నముల సంకేతము నుంచును. చూచి భయపడ బనిలేదు. చదివినపుడు ఆ పేరు చెక్కుచెదరక తిరిగివచ్చును. ఇచట రూపము మాఱెను, విలువ మాఱలేదు. మనము కోరవలసినది ఇదియే.

కావున విద్యార్థులారా, ఏ సమాచారమునైనను పంపుటకు ముందు ఒకమాఱు వ్రాసి, మరల చదివి, మొదటిదానితో సరిపోల్చి చూడుడు. ఉపాధ్యాయులును రెండు మాటలతోబాటు ఈ మూడవ పనిని నేర్పుదురుగాక.