గేరుపెట్టెను విప్పువాడు

పందెపు కారు గెలిచినప్పుడు పూలదండ నడిపినవాని మెడలో పడును. ఇది లోకరీతి, దీనిని నేను తప్పు పట్టను. కాని ఆ కారు వెనుక భాగమున, ఇంజనునకు ఆవల నున్న గేరుపెట్టెను ముందటి రాత్రి విప్పి, కడిగి, కొలిచి, మరల కూర్చినవాని పేరు ఎవరును అడుగరు. అతని పని తీర్పరి పని వంటిదని నా అభిప్రాయము.

ఇంగ్లండులోని మెయిడెన్‌హెడ్ పట్టణమున మైక్ హ్యూలాండ్ అను యంత్రశిల్పి 1957లో తన సంస్థను స్థాపించెను. ఆయన తొలినాటి పందెపు గేరుపెట్టెలకు ఎన్నుకొన్న ఆధారము మిగుల సామాన్యమైనది. ఫోక్స్‌వాగన్ బీటిల్ అను జనసామాన్యపు కారులోని పెట్టెను తలక్రిందులు చేసి, అందు తన చక్రములను అమర్చెను. 1967లో ఆరంభమైన ఫార్ములా ఫోర్డ్ పందెములలో ఆ జాతి పెట్టెలు విస్తారముగా వాడబడినవి. ఆనాటి కార్లు పాతకార్ల పందెములలో నేటికిని పరుగెత్తుచున్నవి. వాని పెట్టెలను విప్పువారును నేడు కలరు.

చేతితో గేరు మార్చు సామాన్యమైన కారులో, కలియబోవు రెండు భాగముల వేగమును ముందుగా సమము చేయు వలయము లుండును. ఈ పందెపు పెట్టెలో అవి లేవు. మొండి పండ్లు గల ఉక్కువలయ మొకటి ప్రక్కకు జరిగి, చక్రముపై నున్న అట్టి పండ్ల నడుమ ఒక్కసారిగా దూరును. నడుపువాడు స్థిరముగా, త్వరగా మార్చినచో ఆ పండ్లు చాలకాలము నిలుచును. సంకోచించుచు మార్చినచో అంచులు గుండ్రబడును. గుండ్రబడిన పన్ను బరువు పడగానే జారును. గేరు తనంతట తానే ఊడిపోవును. కావున పెట్టెను విప్పినవాడు పండ్లను చూచి, నడిపినవాని చేతి గుణమును చెప్పగలడు. ఈ మాట కొందరికి రుచింపదు.

విప్పుటలో సుత్తికి పని తక్కువ. మెగ్నీషియము మిశ్రమపు పెట్టెలో ఉక్కు బేరింగులు బిగిసియుండును. మితముగా వేడి చేసినచో పెట్టె ఉక్కుకంటె ఎక్కువగా వ్యాకోచించి బేరింగును వదలును. మన పల్లెలలో కమ్మరి ఇనుపపట్టాను కాల్చి బండిచక్రమునకు తొడుగుట చూచినవారికి ఈ సూత్రము క్రొత్త గాదు. సుత్తిని తొందరగా ఎత్తువాడు కొలత పరికరమును ఆలస్యముగా తీయునని నాకొక అనుమానము.

అన్నిటికంటె సున్నితమైనది చివరి రెండు చక్రములు కలియు చోటు. వాని పండ్ల నడుమ సందును అంగుళములో వేయవ వంతులలో లెక్కింతురు. సందు చాలనిచో పండ్లు వేడెక్కి పట్టుకొనును. మించినచో ఒకదాని నొకటి కొట్టుకొని చెడును. పండ్లకు రంగు పూసి త్రిప్పి, ఆ రంగు ఎచ్చట చెరిగినదో చూచి, పలుచని రేకులను చేర్చుచు తీయుచు సరిదిద్దుదురు. ఇందుకు గంటలు పట్టును.

“పండ్లు కొద్దిగా అరిగిన నేమి? ఇంకొక పందెము నిలుచును గదా!” అనువారు కలరు. ధనము లేని చిన్న జట్ల బాధ నే నెరుగుదును. అరిగిన ప్రతి వస్తువును పారవేయుమని నే ననను. నూనెలో బూడిదవంటి సన్నని పొడి కానవచ్చుట సహజమే. కాని ఉక్కుతునక కనబడినచో, అది ఎచ్చటినుండి విరిగినదో తేలువరకు పెట్టెను మూయరాదు. పరుగులో గేరుపెట్టె బిగిసిపోయినచో వెనుక చక్రములు ఆగిపోవును. కారు గిరగిర తిరుగును. లోపలివాని ప్రాణమునకే ముప్పు. ఆ తునకను చూచినవాడు పనివా డొక్కడే. చూడనట్లు ఊరకుండుటకు అవకాశము గలవాడును అతడే. “రేపు ఈ కారు పోరాదు” అను అధికారమును జట్టు యజమాని అతనికి ముందుగానే ఇచ్చియుండవలెను. పందెపు ఉదయమున, ప్రేక్షకులు నిండిన పిదప అడిగినచో అది దొరకదు.

అంతయు కూర్చిన పిమ్మట పనివాడు ఇరుసును చేతితో త్రిప్పుచు ఒక్కొక్క గేరును వేసి చూచును. నూనె మరకల పుస్తకములో ఆ దినపు కొలతలు వ్రాసికొనును. మరల విప్పిననాడు ఎంత అరిగినదో తెలియుటకు ఆ అంకెలే ఆధారము.