కళ్లకు ఒకటే, కంప్యూటర్‌కు రెండు

'రావాల్సింది: హైదరాబాద్. వచ్చింది: హైదరాబాద్‌. టెస్ట్ ఫెయిల్.'

స్క్రీన్ మీద ఇలాంటి మెసేజ్ చూసి తల పట్టుకోని ప్రోగ్రామర్ ఉండరేమో. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయైతే "అన్నా, కంప్యూటర్‌కి పిచ్చెక్కిందా?" అని అడిగేసింది. ఊరి పేరు ఇస్తే ఆ ఊరి వివరాలు వెతికే చిన్న ఫంక్షన్ అది. పేరు లిస్ట్‌లో కళ్లెదురుగా ఉంది. ఫంక్షన్ మాత్రం లేదంటోంది.

కళ్లతో పోల్చడం ఆపి లెక్కపెట్టమన్నాను. పైథాన్‌లో 'లెన్' అని ఒక ఫంక్షన్ ఉంది. గుణింతపు గుర్తుల్నీ, పొల్లునీ కూడా విడివిడిగా లెక్కేస్తుంది. ఆ లెక్కన హైదరాబాద్‌కి 9 రావాలి. ఒకదానికి 9 వచ్చింది, రెండోదానికి 10! 'రెప్ర్' అనే ఇంకో ఫంక్షన్‌కి అప్పజెబితే ఆ పదోదాని ముసుగు తీసింది. యూనికోడ్ నంబర్ 200సి.

కనబడని అక్షరాలు ఇంకా ఉన్నాయి. వెబ్ పేజీల నుంచి కాపీ కొడితే మామూలు స్పేస్‌కి బదులు 00ఏ0 అనే నో-బ్రేక్ స్పేస్ రావచ్చు. ఎక్సెల్‌లో యూటీఎఫ్-8 సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఫైల్ మొదట్లో 'బామ్' అనే గుర్తు వచ్చి కూర్చుంటుంది. మొదటి కాలమ్ పేరు మాత్రమే దొరకట్లేదంటే ముందు దాన్నే అనుమానించండి.

వీటన్నిటికీ మనవాళ్లు వేసే మందు ఒకటే, 'స్ట్రిప్'. పదానికి అటూ ఇటూ ఉన్న ఖాళీల్ని కత్తిరిస్తుంది. పైథాన్ 3లో నో-బ్రేక్ స్పేస్ కూడా దానికి లొంగుతుంది. 200సి లొంగదు. యూనికోడ్ లెక్కలో అది అసలు స్పేసే కాదు మరి.

ఇంతకీ అదెక్కడిది? మన తెలుగుదే! 'హైదరాబాద్‌లో' అని రాసినప్పుడు ద పొల్లుకీ ల కీ మధ్య అడ్డంగా నిలబడేది అదే. అది లేకపోతే రెండూ కలిసిపోయి ద కింద ల ఒత్తు పడి 'హైదరాబాద్లో' అవుతుంది. ఎవరో 'హైదరాబాద్‌లో' అని కాపీ చేసి, చివరి 'లో' చెరిపేశారనుకోండి. 'లో' పోతుంది, అడ్డుగోడ మిగిలిపోతుంది.

అందుకే డేటా మొత్తంలో 200సి ని రీప్లేస్ కొట్టి పారేయడం నాకస్సలు నచ్చదు. టెస్ట్ పచ్చగా మారుతుంది సరే, 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అయి కూర్చుంటుంది. ఇంగ్లిష్ డేటాకి రాసిన క్లీనింగ్ కోడ్‌ని తెలుగు మీద గుడ్డిగా నడిపితే జరిగేది ఇదే. అలాగని వదిలేయడానికీ లేదు. రేపు ఎవరో ఫోన్‌లో తన ఊరి పేరు కరెక్ట్‌గానే టైప్ చేస్తారు, 'వివరాలు లేవు' అని వస్తుంది. ఆ మనిషి తన స్పెల్లింగే తప్పనుకుని మళ్లీ మళ్లీ కొడుతూ కూర్చోవాలి. ఆయనకి లెన్ తెలీదు, రెప్ర్ తెలీదు.

మేం దాచే పేరుని ముట్టుకోలేదు. పోల్చేటప్పుడు మాత్రం రెండు వైపులా కాపీలు తీసి, వాటిలోంచి 200సి తీసేసి చూస్తున్నాం. ఇంకో టెస్ట్ కూడా చేర్చాం. అందులో ఆ అక్షరాన్ని పేస్ట్ చేయకుండా దాని నంబర్‌తోనే రాశాం. లేకపోతే ఆర్నెల్ల తర్వాత ఆ ఫైల్ తెరిచినవాళ్లకి, ఒకే పేరు రెండుసార్లు ఎందుకుందో అర్థంకాక ఒకటి డిలీట్ చేసేస్తారు.